ఉప్పు రోడ్డు మీద పడకముందే: పాత ఎంజీబీకి శీతాకాలపు జాగ్రత్తలు

బ్రిటన్‌లో అక్టోబరు వచ్చిందంటే ఉప్పు చల్లే లారీలు రాత్రిపూట రోడ్డెక్కడం మొదలుపెడతాయి, ఏప్రిల్ దాకా వాటికి పని ఉంటూనే ఉంటుంది. రోడ్డు మీద తడి గడ్డకట్టి బళ్లు జారకుండా ఉండాలంటే ఈ రాతి ఉప్పు తప్పదు. అయితే మనుషుల ప్రాణాలు కాపాడే ఆ ఉప్పే పాత బళ్ల ప్రాణం తీస్తుంది. విశాఖ, కాకినాడ తీరాల్లో ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలిపోవడం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడి, ముచ్చటపడి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనుక్కున్న తెలుగువారు ఈ చలికాలానికి ముందు చేసుకోవలసిన పనులను ఎంజీబీని ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను. 1962 నుంచి 1980 వరకు ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీలో ఐదు లక్షలకు పైగా తయారైన బండి కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి. పూర్తి బాడీషెల్‌ను (బండి రేకు గూడును) కూడా బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ 1988 నుంచి కొత్తగా తయారుచేసి అమ్ముతోంది.

అన్నింటికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఈ చలికాలం బండిని నడుపుతారా, పక్కన పెడతారా? రెండూ మంచి మార్గాలే. వానకు ఉప్పు కొట్టుకుపోయి రోడ్డు ఆరిన రోజు చూసుకుని, ఇంజిన్ ఆయిల్ బాగా వేడెక్కేలా కనీసం అరగంటసేపు నడిపితే బండికి మేలే జరుగుతుంది. అలా కుదరనివారు పద్ధతిగా నిలిపివేయాలి. ఆదివారం పూట గ్యారేజీలో పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మాత్రం అన్నింటికంటే చెడ్డ అలవాటు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి చల్లటి ఇంజిన్‌లోనూ సైలెన్సర్‌లోనూ నీరై నిలిచిపోతుంది, చోక్ లాగినందువల్ల ఎక్కువగా వచ్చిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, ఆ రెండూ కిందికి దిగి ఆయిల్‌ను పాడుచేస్తాయి. పైగా తలుపు మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో మనిషి ప్రాణం తీయగలదు. దానికి వాసన ఉండదు. చలిగా ఉందని తలుపు దగ్గరగా వేసుకుని ఇంజిన్ నడపడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ (బాడీని మోసే అడుగు చట్రం) లేదు. దీనికి ముందు వచ్చిన ఎంజీఏకు ఉండేది. ఎంజీబీలో బాడీయే బరువంతా మోస్తుంది, టాపు లేని రోడ్‌స్టర్‌లో ఆ బరువులో ఎక్కువ భాగం తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ మీద పడుతుంది. బయటికి కనిపించే రేకు వెనుక లోపలి సిల్, నడుమ నిలువు పలక, కింద మరో మడత రేకు కలిసి ఒక పెట్టెలా ఉంటాయి. నీరు కారిపోవడానికి వదిలిన రంధ్రాలు మట్టితో పూడుకుపోతే ఉప్పునీరు ఆ పెట్టెలో నిలిచి లోపలినుంచి తినేస్తుంది, బయటి రంగు మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. అందుచేత సన్నని తీగతో ఆ రంధ్రాలన్నీ శుభ్రం చేయాలి. తలుపుల అడుగున ఉన్న రంధ్రాలనూ, ముందు చక్రం వెనుక మడ్‌గార్డు లోపల మట్టి పేరుకునే మూలనూ మరిచిపోకూడదు. ఆ తరువాత స్క్రూడ్రైవర్ పిడితో సిల్ పొడవునా మెల్లగా తట్టి వినాలి. మంచి రేకు ఖణేల్మంటుంది, పుచ్చిన రేకుగానీ, పుట్టీతో పూడ్చిన చోటుగానీ మొద్దుబారిన చప్పుడు చేస్తుంది. ఇంకో పరీక్ష తలుపు వెనుక అంచుకూ దాని పక్కనున్న స్తంభానికీ మధ్య సందును చూడటం. పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉంటే ఫరవాలేదు. పైన ఇరుకై కింద వెడల్పైందంటే బండి నడుము కుంగుతోందని అర్థం. అలాంటి బండిని జాక్ మీద ఎత్తగానే తలుపు బిగుసుకుపోవచ్చు. అప్పుడు తుప్పు పట్టకుండా లోపల కొట్టే మైనం పూతతో పని జరగదు, బాడీకి లోపల అడ్డకమ్ములు బిగించి సిల్స్ మార్చగల నిపుణుణ్ణి వెతకాలి.

సిల్స్ గట్టిగా ఉన్నాయని తేలితే లోపల మైనం కొట్టించాలి. ఈ పని ఎండపొడ ఉన్న సెప్టెంబరులోనే ముగించుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. లోపల తడి ఉండగా మైనం కొడితే ఆ తడి అక్కడే బంధించబడుతుంది, చలికి చిక్కబడిన మైనం సందుల్లోకి పారదు. కింద పాత తారు పూత పగుళ్లు తేలి ఉంటే దాన్ని గీకి తీసేయాలి, ఆ పగుళ్లలో చేరిన ఉప్పునీటికి ఆరే దారి ఉండదు. మైనానికి నిప్పు అంటుకుంటుంది కాబట్టి తరువాత ఎప్పుడైనా వెల్డింగ్ చేయించేటప్పుడు లోపల మైనం ఉన్న సంగతి వెల్డర్‌కు ముందే చెప్పాలి.

కింద పని చేయాలంటే బండిని ఎత్తాలి. జాక్ ఎత్తడానికే తప్ప ఎత్తినదాన్ని మోయడానికి పనికిరాదు. చదునైన సిమెంటు నేల మీద, చక్రాలకు అడ్డుదిమ్మెలు వేసి, సిల్ మీద కాకుండా ముందు క్రాస్‌మెంబర్ (అడ్డంగా ఉండే దూలం) కింద, వెనుక స్ప్రింగుల దగ్గర గట్టి చోట్ల స్టాండ్లు పెట్టి, చేత్తో ఊపి కదలిక లేదని తేల్చుకున్నాకే కిందికి దూరాలి. బ్రేక్ డ్రమ్ములు విప్పితే కనిపించే నల్లటి ధూళి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండేది, బ్రిటన్ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లోనే. ఆ ధూళిని గాలితో ఊదకుండా, తగిన మాస్కు వేసుకుని, తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి.

ఇప్పుడు నీటి సంగతి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, పోత ఇనుప బ్లాకును పగలగొట్టడానికి అది చాలు. బ్లాకు రంధ్రాలను మూసే రేకు బిళ్లలైన కోర్ ప్లగ్గులు ముందు ఊడిపోయి ఇంజిన్‌ను కాపాడతాయని కొందరు నమ్ముతారుగాని, వాటి ఉద్దేశం అది కాదు, ఆ నమ్మకంతో ఊరుకోకూడదు. నీళ్లన్నీ వదిలేస్తే చాలనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే రేడియేటర్, బ్లాకు ఖాళీ అయినా హీటర్‌లో నీరు నిలిచిపోతుంది. యాంటీఫ్రీజ్ మూడోవంతు కలిపితే సుమారు మైనస్ 17 డిగ్రీల వరకు, సగానికి సగం కలిపితే మైనస్ 35 దాటేవరకు రక్షణ ఉంటుంది. 1982 జనవరిలో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో మైనస్ 27.2 డిగ్రీలు నమోదైంది కాబట్టి ఉత్తరాన ఉండేవారు సగం పాళ్లకు తగ్గకపోవడమే మంచిది. పాత ఇంజిన్లకు సరిపడే నీలిరంగు ఇథిలిన్ గ్లైకాల్ రకాన్నే వాడి, రెండేళ్లకోసారి మార్చాలి. కొత్త కార్ల కోసం వచ్చిన దీర్ఘకాలపు రకాలు పాత గాస్కెట్లకు, టంకపు అతుకులకు పడవన్న ఫిర్యాదు పాత కార్ల క్లబ్బుల్లో చాలాకాలంగా ఉంది. ఈ ద్రవం తియ్యగా ఉండే విషం. నేల మీద ఒలికింది కొంచెమే అయినా వెంటనే కడిగేయాలి, పిల్లులూ కుక్కలూ దాన్ని నాకి చనిపోతాయి, చిన్నపిల్లలున్న ఇంట్లో డబ్బా తాళం కింద ఉండాలి.

బ్రేకుల దగ్గర ఎంజీబీ సొంతదారు మరిచిపోకూడని విషయం ఒకటుంది. బ్రిటన్‌లో అమ్ముడైన బళ్లలో చివరి కొన్నేళ్లవి మినహా మిగతావాటికి బ్రేక్ ఆయిల్ మార్గం ఒక్కటే. ముందు రెండు, వెనుక ఒకటి ఉన్న రబ్బరు గొట్టాల్లో ఏ ఒక్కటి పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. గొట్టాన్ని వేళ్లతో వంచి చూసినప్పుడు వెంట్రుకంత పగులు కనిపించినా మూడూ మార్చేయాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని, తేమ చేరాక ఆ హద్దు 155 అని ప్రమాణం. అదే తేమ సిలిండర్లను లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. అందువల్ల రెండేళ్లు దాటితే చలికాలానికి ముందే మార్చడం మంచిది, పాత ఆయిల్‌తో బండిని నాలుగు నెలలు నిలిపి ఉంచకూడదు. రంగు మీద చుక్క పడినా లేచిపోతుంది, పక్కనే నీళ్లు ఉంచుకోవాలి. ముందు సస్పెన్షన్‌లో రెండు పక్కలా ఉన్న గ్రీజు నిపిళ్లలో (గ్రీజు కొట్టే చిన్న మూతుల్లో) కొత్త గ్రీజు అంచున బయటికి వచ్చేదాకా కొడితే లోపలి నీరు దానితోపాటు వెళ్లిపోతుంది.

బ్యాటరీ విప్పేముందు ఎర్త్ ఏదో, అంటే బాడీకి కలిపింది పాజిటివ్ కొసనా నెగటివ్ కొసనా అన్నది, చూసుకోవాలి. 1967 వరకు వచ్చిన ఎంజీబీలకు పాజిటివ్ ఎర్త్ ఉండేది, కొందరు తరువాత మార్చుకున్నారు, కొందరు మార్చలేదు. అలవాటు చొప్పున నెగటివ్‌నే బాడీ అనుకుని కొత్త రేడియోగానీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌గానీ తగిలిస్తే క్షణంలో కాలిపోతుంది. 1974 దాకా సీట్ల వెనుక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఉండేవి. అవి కూర్చునే తొట్టెలను యాసిడ్ తినేసిందేమో టార్చి వేసి చూడాలి. ఎర్త్ వైరు ముందుగా తీసి, వెనక్కి బిగించేటప్పుడు చివరగా బిగించాలి. పూర్తిగా ఛార్జైన బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టదు, డీలాపడింది గడ్డకట్టి పగులుతుంది. ఈ బండిలో హెడ్‌లైట్లకు, ఇగ్నిషన్‌కు ఫ్యూజు ఉండదు కాబట్టి ఒరుసుకుపోయిన వైరు నేరుగా మంటకు దారితీస్తుంది. బ్యాటరీని విడదీసే స్విచ్ ఒకటి బిగించుకోవడం తక్కువ ఖర్చుతో దక్కే పెద్ద రక్షణ.

2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చి, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. నిలిపే ముందు ఇథనాల్ తక్కువుండే సూపర్ రకంతో ట్యాంకు నింపి, తుప్పును అడ్డుకునే స్టెబిలైజర్ కలిపి, అది కార్బురేటర్ల దాకా చేరేలా కొద్దిదూరం నడపాలి. గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చడం తప్పనిసరి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, గ్యారేజీలో బండి కింద పని చేసే గుంట ఉంటే అక్కడే పేరుకుంటుంది. ట్యాంకు విప్పే పని గుంట మీద వద్దు.

నిలిపేటప్పుడు ఆయిల్, ఫిల్టర్ మార్చి, హ్యాండ్ బ్రేక్ వదిలేసి, చక్రాలకు దిమ్మెలు వేయాలి. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచితే షూలు డ్రమ్ములకు పట్టేస్తాయి. టాపు తడి లేకుండా ఆరబెట్టి ఎత్తే ఉంచాలి. మడిచి పెడితే చలికి బిర్రబిగిసి వెనుక ప్లాస్టిక్ కిటికీ పగులుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ పట్టా కప్పకూడదు. ఎలుకలు గూడు కట్టకుండా ఎయిర్ ఫిల్టర్ల మూతులను, సైలెన్సర్ చివరను మూసి, మూసినట్టు స్టీరింగుకు చీటీ కట్టాలి.

2018 మే నుంచి, పెద్దగా మార్పులు చేయని నలభై ఏళ్లు దాటిన బళ్లకు ఎమ్‌ఓటీ (రోడ్డుకు పనికొస్తుందా అని ఏటా చూసే) పరీక్ష తప్పనిసరి కాదు. అయినా బండి రోడ్డుకు పనికొచ్చేలా ఉండాల్సిన బాధ్యత సొంతదారుదే, ఏటా ఒకసారి తెలిసిన గ్యారేజీలో ఆ పరీక్ష చేయించడం నేనైతే మానను. సొంత స్థలంలో నిలిపి బీమా ఆపాలనుకునేవారు ముందుగా సోర్న్ (బండిని రోడ్డు మీద నడపడం లేదని అధికారులకు తెలిపే) ప్రకటన ఇవ్వాలి. రోడ్డు టాక్సు సున్నా అయినా, ఆ టాక్సు అమల్లో ఉన్నంతకాలం బీమా ఉండి తీరాలి.

వసంతంలో బయటికి తీసేరోజు తొందర పనికిరాదు. టైర్ల పక్కన వారం, సంవత్సరం తెలిపే నాలుగంకెలు చూడాలి. పదేళ్లు దాటినవి గీతలు లోతుగానే కనిపించినా మార్చాలి. ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే సన్నని వైరు విప్పి, స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిల్ గేజ్ ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో ఇంజిన్‌ను తిప్పాలి. అప్పుడే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయాలి. ఇగ్నిషన్ వేయగానే వెనుక టకటకమనాల్సిన పెట్రోలు పంపు మౌనంగా ఉంటే దాని కాంటాక్టులు మసకబారాయని అర్థం. పిడితో మెల్లగా తడితే కదలవచ్చుగాని, ఆ పంపును నమ్మి దూరం వెళ్లకుండా ముందు బాగుచేయించాలి. పెట్రోలు ఎక్కడా కారడం లేదని టార్చితో చూశాక, ఇంటి ముందే బ్రేక్ పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచాలి. పెడల్ మెల్లగా కిందికి దిగితే మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయాయన్నమాట, అవి మార్చేదాకా బండి గేటు దాటకూడదు. దిగకపోతే నడక వేగంతో నాలుగుసార్లు ఆపి చూసి, బండి ఒక పక్కకు లాగడం లేదని తేలాక ఊరి చుట్టూ ఒక చుట్టు తిప్పి, తిరిగొచ్చి చక్రాల నట్లు, ఆయిల్, నీటి మట్టాలు, నాలుగు చక్రాల లోపలి వైపున తడి, అన్నీ మరోసారి చూసుకోవాలి.