ట్రంపెట్ పాఠాలు – 9: ఆ ఎఫ్ ఎవరిది?

పోయిన పాఠం చివర "ఎఫ్ బ్లూస్ ట్రాక్ పెట్టుకుని ఊదండి" అని, అంటే ఎఫ్ శ్రుతిలో సాగే బ్లూస్ పాట రికార్డింగుతో కలిసి ఊదమని, ఒక్క ముక్క రాసి వదిలేశాను. తప్పు నాదే. చాలామంది ట్రంపెట్ మీద కూడా ఎఫ్‌లోనే ఊదారు. ఇంట్లోవాళ్లు లేచి తలుపులు వేసుకున్నారట. ఇంకొందరు "ఒక మెట్టు తేడా ఉంటుంది కదా" అని గుర్తుపెట్టుకుని మరీ కిందికి దిగి ఇ ఫ్లాట్‌లో ఊదారు. వాళ్లది ఇంకా ఘోరం. అందుకే ఈసారి రాద్దామనుకున్న సాల్సా (లాటిన్ డాన్సు సంగీతం), బిగ్ బ్యాండ్ (పెద్ద జాజ్ బృందం) సంగతులు కుదించి ముందు ఈ గొడవ తేలుస్తాను.

మన శ్రుతి లెక్కలో చూడండి. పియానో మీద సి అంటే ఒకటి శ్రుతి. మీరు ఏ వాల్వూ (ట్రంపెట్ మీది మీట) నొక్కకుండా ఊదే సి మాత్రం గదిలో ఆరున్నరగా, అంటే బి ఫ్లాట్‌గా వినిపిస్తుంది. మనం వాడే బి ఫ్లాట్ ట్రంపెట్ ఎప్పుడూ రాసిన స్వరంకంటే ఒక మెట్టు (ఒకటి శ్రుతికీ రెండు శ్రుతికీ ఉన్నంత తేడా) కిందే పలుకుతుంది. అది దిగుతోంది కాబట్టి మీరు ఎక్కాలి. పియానో ఎఫ్ అంటే మీకు జి. కిందికి దిగినవాళ్లకు ఏమైంది? ట్రాక్ నాలుగు శ్రుతిలో నడుస్తుంటే వాళ్లు ఒకటిన్నరలో ఊదుతూ కూర్చున్నారు! మన పెళ్లి ఊరేగింపుల్లో వాయించే క్లారినెట్ కూడా సాధారణంగా ఈ బాపతే. అందుకే ఆ రెంటికీ పేచీ ఉండదు, కీబోర్డు అబ్బాయి చేరితేనే మొదలవుతుంది.

న్యూయార్క్‌లో నేను వెళ్లే పెళ్లి పార్టీల్లో ఆ హోరులో కీ (పాట శ్రుతి) పేరు చెప్పినా వినపడదు. పాట అయిపోతుండగానే కీబోర్డు ఆయన వేళ్లు చూపిస్తాడు. పైకి చూపిస్తే ఆ కీలో ఉండే షార్పులు (అర మెట్టు పెంచిన స్వరాలు) ఎన్నో, కిందికి చూపిస్తే ఫ్లాట్లు (అర మెట్టు తగ్గించినవి) ఎన్నో. మూడు వేళ్లు కిందికి అంటే ఇ ఫ్లాట్. అది ఆయన కీ, మీది కాదు. ఇక్కడ నా అడ్డదారి ఒకటుంది: ఏది చూపించినా రెండు వేళ్లు పైకి కలపండి. మూడు కింద అన్నది ఒకటి కింద అవుతుంది, అంటే మీకు ఎఫ్. ఒకటి కింద అన్నది ఒకటి పైన అవుతుంది, అంటే జి. ఏ షార్పూ ఫ్లాటూ లేని సి అయితే మీకు రెండు షార్పుల డి. గిటారిస్టులకు ఇష్టమైన ఇ వచ్చిందా, నాలుగు పైన, మీకు ఆరు షార్పులు. అలాంటి పాటలకు నేను సగం చోట్ల టాంబరిన్ పట్టుకుంటాను. సిగ్గేం లేదు.

ఎక్కకూడని చోట ఎక్కడం ఇంకో చిక్కు. బిగ్ బ్యాండులో మీ ముందున్న కాగితం మీద "ట్రంపెట్ 3" అని ఉంటే ఆ పని అప్పటికే అరేంజర్ (ఎవరు ఏం వాయించాలో రాసే ఆయన) చేసేశాడు. ఉన్నది ఉన్నట్టు ఊదండి. చర్చిలో ఆర్గనిస్టు చేతికిచ్చే కీర్తనల పుస్తకం పియానో లెక్కలో ఉంటుంది, అక్కడ ఎక్కాలి. ఒక ఈస్టర్ నాడు పొద్దున్నే ఏడు గంటల ఆరాధనలో నిద్రమత్తులో ఆ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు ఊదాను. మొదటి వరుసలో కూర్చున్న పెద్దావిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ట్రంపెట్ వాళ్లకు ఈస్టర్ అంటే ఒకే రోజు రెండు మూడు పిలుపులు. పుస్తకం చేతిలో పడగానే ఇది ఎవరి లెక్కలో ఉందో అడగండి.

బిగ్ బ్యాండ్ గురించి కొంచెం. నాలుగు ట్రంపెట్లు ఉంటాయి, మొదటి కుర్చీలో కూర్చునే ముఖ్య వాయిద్యకారుడి మాటే మాట. అతను స్వరం ఎక్కడ వదిలితే మీరూ అక్కడే వదలాలి, మీ కాగితంలో ఇంకో అర బీటు మిగిలున్నా సరే. జాజ్ వాయిద్యకారులు థాడ్ జోన్స్, మెల్ లూయిస్ 1966 ఫిబ్రవరిలో న్యూయార్క్ జాజ్ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్‌లో తమ బిగ్ బ్యాండును సోమవారం రాత్రి మొదలుపెట్టారు. స్టూడియోల్లో, వేరే చోట్ల పని చేసుకునే వాయిద్యకారులకు ఆ రాత్రి ఖాళీ. సోమవారం కోసం వారమంతా ఎదురుచూసే మనుషులు మా లైనులో ఇప్పటికీ ఉన్నారు.

సాల్సాకు వెళ్తే పెదాలు దాచుకోండి. మొదటి పాటలోనే పై స్థాయి సి పట్టుకుని మురిసిపోతే విరామం తర్వాతి రెండో సెట్‌కు గాలి తప్ప ఏమీ రాదు. మ్యూట్ల (గొంతు మార్చడానికి ట్రంపెట్ మూతికి పెట్టేవి) సంచిలో ప్లంబింగ్ సామాన్ల షాపులో దొరికే రబ్బరు కప్పు, పిడి పీకేసి, తప్పకుండా పెట్టుకోండి. 1920లలో డ్యూక్ ఎల్లింగ్టన్ జాజ్ బ్యాండులో ట్రంపెట్ వాయించిన బబ్బర్ మైలీ గుర్రుమనిపించింది అలాంటిదానితోనే. హార్మన్ మ్యూట్ (లోహపు మ్యూట్) పెట్టేముందు దాని కార్క్ మీద "హా" అని ఆవిరి పట్టండి. లేకపోతే మంద్రంగా సాగే పాట మధ్యలో జారి స్టేజీ మీద ఖణేల్‌మని పడుతుంది.

అభ్యాసం. పియానో లెక్కలో అచ్చయిన ఏదైనా పుస్తకం తీసి రోజుకు ఐదు పాటలు, పై వరుస మాత్రం, ఒక మెట్టు ఎక్కించి చూస్తూనే ఊదండి. తంబూరా యాప్‌లో అసలు శ్రుతి పెట్టుకుంటే తప్పు వెంటనే తెలుస్తుంది. రెండు వారాల తర్వాత పోయిన పాఠంలోని బ్లూస్, పన్నెండు కీల్లో. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి వేళ్లు చూపించమనండి, రెండు సెకన్లలో మొదలవ్వాలి. పెన్సిల్‌తో స్వరాల పేర్లు రాసుకున్నవాళ్లు చెరిపేసి మళ్లీ మొదటి పాట నుంచి.