జవాబు తెలిసిన ప్రశ్న పిల్లల్ని అడగొద్దు

మూతికి బూస్ట్ పొడి, చేతిలో చెంచా. చూస్తూ కూడా “డబ్బా ఎవరు తీశారు?” అని అడుగుతాం. “నేను కాదు” అంటుంది మూడేళ్ల పిల్ల. ఆ అబద్ధాన్ని నోటికి అందించింది మన ప్రశ్నే. “బూస్ట్ ఒలికింది, గుడ్డ తెచ్చుకో, తుడుద్దాం” అంటే సరిపోయేది. తుడిచాక, కావాలంటే అడగమని ఒక్క మాట. సాయంత్రం నాన్న వచ్చాక మళ్లీ పంచాయితీ పెట్టొద్దు.

ఆ వయసులో అది తిట్లు తప్పించుకునే మాట, అంతే. నాలుగు దాటాక, తనకు తెలిసింది అమ్మకు తెలియకపోవచ్చని అర్థమవుతుంది. అబద్ధాన్ని నిలబెట్టుకోవడం మాత్రం ఇంకా రాదు. పరిశోధకులు పిల్లల వెనక బొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి బయటికి వెళ్తే చాలామంది చూసేస్తారు, చూడలేదంటారు. “మరి అదేం బొమ్మై ఉంటుంది?” అంటే ఠక్కున పేరు చెప్పేస్తారు.

కొడితే అబద్ధాన్ని నిలబెట్టుకునే నేర్పు ముందే వస్తుంది. మనస్తత్వ పరిశోధకులు విక్టోరియా తల్వార్, కాంగ్ లీ 2011లో పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల పిల్లల్ని పోల్చారు. దెబ్బలు పడే బడి పిల్లలే ఎక్కువగా అబద్ధమాడారు, అడ్డుప్రశ్నలకూ తడబడలేదు.

ఎవరు చేశారో నిజంగానే తెలియకపోతే, ఎదురుగా కూర్చుని ముందు “నిజమే చెప్తానని మాటివ్వు” అనండి. ప్రశ్న ఆ తర్వాతే. నిజం చెప్పినందుకు మెచ్చుకోండి, పారబోసింది మాత్రం ఎత్తించండి. “కోప్పడను” అని చెప్పి అరిచారో, మరోసారి ఆ మాట చెల్లదు.

నాన్నా పులి కథ మీద ఆశ పెట్టుకోకండి. 2014లో వచ్చిన మరో అధ్యయనంలో అలాంటిదే, అబద్ధాలాడే గొర్రెల కాపరి కథ విన్నా పిల్లలు మారలేదు. నిజం ఒప్పుకుని మెప్పు పొందిన కుర్రాడి కథ విన్నాకే కాస్త మారారు.

ఇక మన సంగతి. బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్‌లో సోఫా మీద కూర్చుని “సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం” అని ఫోన్‌లో చెప్తుంటే పక్కనే బొమ్మలాడుకునేవాడు వింటూనే ఉంటాడు.

బాల్కనీలో ఏనుగుంది అంటే అది ఊహ, పోనివ్వండి. తను పగలగొట్టి పనికొచ్చే ఆంటీ మీదికి నెడితే మాత్రం ఊరుకోకూడదు. ఆమె ఉద్యోగమే పోవచ్చు. ఆమె ముందే, మీరు పక్కన నిలబడి, నిజం చెప్పించండి. ఏడేళ్లు దాటాక అబద్ధాలతో పాటు దొంగతనం, తోటి పిల్లల్ని కొట్టడం నెలల తరబడి సాగితే బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది.