నల్ల తిమింగలం ఫోటో వస్తే అది ఫాల్స్ కిల్లర్ వేలేనా కాదా అని చూసుకునేది ఎట్లా

తిరుపతోళ్ళకి సముద్రంతో ఏం పని అనుకోవద్దు, వాకాడు మండలం తూపిలిపాళెం బీచ్ మన జిల్లాదే, సెలవొస్తే బండ్లేసుకుని పోయేవాళ్ళు బాగానే ఉంటారు. అదీ కాక ఒడ్డున పడిన నల్ల జీవి ఫోటో యాడ తీసిందైనా సరే మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తాది, కింద "వింత చేప" అని రాసి. చేప కాదు సామీ, ఊపిరి పీల్చి పిల్లకి పాలిచ్చే జంతువు.

ముందు ఈ ఫాల్స్ కిల్లర్ వేల్ ఎవరి చుట్టమో తెలిస్తే సగం పని అయిపోతాది. పేరులో వేల్ అని ఉన్నా ఇది డాల్ఫిన్ కుటుంబమే, సైన్సు పేరు సూడోర్కా క్రాసిడెన్స్, ఆ ప్రజాతిలో ఇప్పుడు బతికుండేది ఇదొక్కటే. 1846లో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లో తవ్వకంలో దొరికిన పుర్రెని చూసి దీని గురించి రాసినాడు, అప్పటికే అంతరించిపోయిన జీవి అనుకున్నారు, 1861లో జర్మనీ వైపు కీల్ బేలో ఏకంగా మంద కనపడే దాకా! పేరు చూసి ఓర్కాకి, అంటే అసలు కిల్లర్ వేల్‌కి, తమ్ముడనుకుంటారు గానీ దీనికి దగ్గరోళ్ళు పైలట్ వేల్, పిగ్మీ కిల్లర్ వేల్, మెలన్ హెడెడ్ వేల్. కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది వీటితోనే. ఓర్కాకి కంటి వెనక తెల్ల మచ్చ ఉంటాది, దాంతో గొడవే లేదు.

రంగు పక్కన పెట్టండి, ఎండకి ఎండిన ఏ జీవైనా నల్లగానే ఉంటాది. సైజు చూడండి. ఫాల్స్ కిల్లర్‌లో ఆడది 5 మీటర్ల దాకా, మగది 6 మీటర్ల దాకా పెరుగుతాది. పిగ్మీ, మెలన్ హెడెడ్ రెండూ 3 మీటర్లు కూడా దాటవు, అయితే పిల్లని చూసి మోసపోయే ప్రమాదం ఉంది కాబట్టి సైజుతోనే ఆగిపోవద్దు. తర్వాత వీపు రెక్క. పైలట్ వేల్‌కి అది తలకి దగ్గరగా, మొదలు వెడల్పుగా ఉంటాది, తల గుండ్రంగా ఉబ్బి ఉంటాది. మన దానికి రెక్క వీపు మధ్యలో సన్నగా నిలబడి వెనక్కి వంగి ఉంటాది, తల సన్నగా పొడుగ్గా, ఒళ్ళంతా బక్కపల్చగా సాగినట్టు ఉంటాది.

ఇవన్నీ చూసినా డౌట్ పోలేదంటే ఛాతీ పక్కనుండే ముందు రెక్కని చూడండి, నా లెక్కలో ఇదే అసలు గుర్తు. దాని ముందంచు మధ్యలో ఒక బుడిపె ఉంటాది, మనం మోచేయి మడిచినప్పుడు ముందుకి పొడుచుకొచ్చినట్టు, ఇంకే డాల్ఫిన్‌కీ ఇట్లా ఉండదు. ఫోటోలో ముందు రెక్క ఒంటి కిందకి పోయుంటే ఇంకో యాంగిల్ ఫోటో అడగండి, లేకుండా ఖాయం చేసేయొద్దు. నోరు తెరిచుంటే పళ్ళు లావుగా, కోసుగా ఉంటాయి, ప్రతి దవడకీ ఒక్కో పక్క 7 నుంచి 12 దాకా.

ఫోటో యాడిదని కూడా అడగాల. ఇది వేడి, ఓ మాదిరి వేడి సముద్రాల జీవి, అట్లాంటిక్, పసిఫిక్, హిందూ మహాసముద్రం మూడింట్లోనూ ఉంది, ఎక్కువగా లోతు నీళ్ళలోనే తిరుగుతాది, మంచు సముద్రం ఫోటో అని పెడితే నమ్మొద్దు. తినేది స్క్విడ్‌లు, ఇంకా ట్యూనా, మహిమహి లాంటి పెద్ద చేపలు, పట్టిన చేపని మందలో పంచుకుని తింటాయి, లాంగ్‌లైన్ (పొడుగు తాడుకి వరసగా కట్టిన) గాలాలకి పడిన చేపని కూడా లాక్కుంటాయి కాబట్టి గాలం తగిలి చచ్చేవి కూడా ఉన్నాయి. హవాయి ప్రధాన దీవుల దగ్గరుండే గుంపులో రెండొందల లోపే మిగిలాయి, అమెరికా 2012లో దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాబితాలో పెట్టింది.

మంద మొత్తం ఒడ్డుకి రావడం వీటికి కొత్త కాదు. 1946లో అర్జెంటీనా మార్ డెల్ ప్లాటాలో 835 కొట్టుకొచ్చాయి, 2025 ఫిబ్రవరిలో టాస్మేనియాలో 157. అయితే మంద కనపడిందని ఇదే అని తేల్చేయొద్దు, 2016 జనవరిలో తూత్తుకుడి తీరానికి వచ్చినవి పైలట్ వేల్స్.

బీచ్‌లో మీకే ప్రాణంతో ఉన్నది కనపడితే వెంటనే అటవీ శాఖకో మెరైన్ పోలీసులకో చెప్పండి, నంబర్ లేకపోతే 112. వాళ్ళొచ్చే లోపల తడి గుడ్డ కప్పండి, తల మీదుండే ఊపిరి రంధ్రం మాత్రం మూయొద్దు, అందులోకి నీళ్ళు పోనీయొద్దు, మొహం దగ్గర పెట్టి సెల్ఫీలు అసలొద్దు, దాని ఊపిరితో జబ్బులంటుకోవచ్చు. తోకో రెక్కో పట్టి లాగి సముద్రంలోకి నెట్టే హీరోయిజం కూడా వద్దు, కీళ్ళు ఊడొస్తాయి, మంద ఇంకా ఒడ్డునే ఉంటే నెట్టింది మళ్ళీ తిరిగొస్తాది. చచ్చినదైతే ఒక పక్క నుంచి మొత్తం ఒళ్ళు, ముందు రెక్క, నోరు, పక్కన చెప్పో స్కేలో పెట్టి ఫోటోలు తీసి లొకేషన్‌తో వాళ్ళకే పంపండి. గుర్తుకి ఒక పన్ను పీక్కుని ఇంటికి తెచ్చుకుందాం అనుకోవద్దు, వన్యప్రాణి చట్టం కింద కేసవుతాది.