డిష్‌వాషర్ మొరాయిస్తే: ఎక్కడ వెతకాలి, ఎప్పుడు వదిలేయాలి

డిష్‌వాషర్ లోపల జరిగేది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. కొన్ని లీటర్ల నీళ్లు లోపలికి వస్తాయి. హీటర్ వాటిని వేడి చేస్తుంది. ఒక పంపు ఆ నీళ్లనే మళ్లీ మళ్లీ స్ప్రే ఆర్మ్‌ల (కన్నాలుండే, గుండ్రంగా తిరిగే గొట్టాల) గుండా గిన్నెల మీదికి చిమ్ముతుంది. చివర్లో ఇంకో చిన్న పంపు వాటిని బయటికి తోసేస్తుంది. నీళ్లు రావడం, వేడెక్కడం, చిమ్మడం, పోవడం. మీ మెషీన్ ఏ పేచీ పెట్టినా ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట పని ఆగిందన్నమాట. ఎక్కడ ఆగిందో ముందు మీరే చూసుకుంటే చాలాసార్లు మెకానిక్‌కి ఫోన్ చేసే పనే పడదు. పడినా, ఆయన చెప్పేదానిలో ఎంత నిజముందో మీకు అర్థమవుతుంది.

లోపల చెయ్యి పెట్టేముందు ప్లగ్ తీసేయండి, నీళ్ల కుళాయి కట్టేయండి. అప్పుడే సైకిల్ అయ్యుంటే కాసేపు చల్లారనివ్వండి.

గిన్నెలకు జిడ్డు, మెతుకులు అలాగే ఉంటున్నాయి

ముందుగా ఫిల్టర్. కింది రాక్ బయటికి లాగితే అడుగున గుండ్రటి జాలీ కనిపిస్తుంది, తిప్పితే ఊడొస్తుంది. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. పైకి శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది గానీ, జాలీ కన్నాల మధ్య బూడిదరంగు పొర పట్టి వెలుతురు ఇవతలికి రాదు. అది గట్టిపడిన జిడ్డు. ఉత్త నీళ్లతో కడిగితే పోదు. వేడినీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి బ్రష్ కావాలి. తిరిగి పెట్టేటప్పుడు లాక్ పడేదాకా తిప్పండి. వదులుగా వదిలేస్తే మెతుకులు, గింజలు నేరుగా పంపులోకి పోతాయి, అప్పుడు పని పెరుగుతుంది.

తర్వాత స్ప్రే ఆర్మ్‌లు. ఊడదీసి చెవి దగ్గర ఆడించండి. లోపల గలగలమంటే గింజలో, చెత్తో ఇరుక్కున్నట్టు. కన్నాలను టూత్‌పిక్‌తో పొడిచి, ఆర్మ్‌ను కుళాయి కింద పట్టి కడగండి. బిగించాక చేత్తో తిప్పి చూడండి, ఏ గరిటె కాడకో, పళ్లెం అంచుకో తగలకూడదు. పనిచేసేటప్పుడు అది తిరుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఆర్మ్‌ను తలుపు వైపు తిప్పి పెట్టి మెషీన్ ఆన్ చేయండి. లోపల నీళ్లు చిమ్ముతున్న చప్పుడు మొదలైన కొన్ని నిమిషాలకు ఆపి, తలుపు మెల్లగా తీయండి. రెండు మూడు సార్లు చూసినా ఆర్మ్ పెట్టిన చోటే ఉంటే అది తిరగడం లేదు. పైది మాత్రమే తిరగకపోతే, పై రాక్ వెనక ఉన్న నీళ్ల గొట్టం తన చోట సరిగ్గా కూర్చుందా అని చూడండి. రాక్ ఎత్తు మార్చినప్పుడు ఇది తరచూ తప్పుతుంది.

డిటర్జెంట్ టాబ్లెట్ సగం కరిగి అక్కడే మిగిలితే డిటర్జెంట్ మూత తెరుచుకోకుండా ఏదో పెద్ద పళ్లెం అడ్డుపడి ఉంటుంది. తడిసిన అరలో టాబ్లెట్ పెట్టినా అది అతుక్కుపోతుంది. అరగంటలో అయిపోయే ప్రోగ్రామ్‌లో కొన్ని టాబ్లెట్లు కరగనే కరగవు, అందులో పొడి వాడటం మేలు.

ఒక మాట, గిన్నెలను ముందే సింకులో శుభ్రంగా కడిగి పెట్టే అలవాటు మానుకోండి. మిగిలింది గీకి పారేస్తే చాలు. చాలా మెషీన్లలో నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో చూసే సెన్సర్ ఉంటుంది. కడిగిన గిన్నెలు పెడితే నీళ్లు తేటగా కనిపించి అది పనిని తేలిగ్గా ముగించేస్తుంది, మాడు అంటుకున్న ఆ ఒక్క గిన్నె అలాగే మిగిలిపోతుంది. ఎప్పుడూ ఎకో ప్రోగ్రామే వాడేవాళ్లు నెలకోసారి 65–70 డిగ్రీల ప్రోగ్రామ్ వేయాలి. తక్కువ వేడిలో పైపుల్లో, అడుగున జిడ్డు పేరుకుంటుంది.

గ్లాసులు తెల్లగా మసకబారాయి

ఇక్కడ చాలామంది తప్పు మందు వేస్తారు. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు వేర్వేరు జబ్బులివి, వాటి మందులు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. కాబట్టి ముందు పరీక్ష చేయాలి. గుడ్డను వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ తడిపి గ్లాసును ఒకచోట రుద్దండి.

రుద్దినచోట తేటబడితే అది సున్నపు పొర. అంటే నీళ్లలో కఠినత్వం ఎక్కువ, మెషీన్‌లోని నీటిని మెత్తబరిచే భాగం సరిగ్గా పనిచేయడం లేదు. సాల్ట్ అయిపోయిందేమో చూడండి. ఉంటే సెట్టింగుల్లో నీటి కఠినత్వాన్ని ఒక మెట్టు పెంచండి. సాల్ట్ అంటే డిష్‌వాషర్ కోసం అమ్మే పెద్ద గళ్ల ఉప్పే. వంట ఉప్పు సన్నగా ఉంటుంది, గడ్డకట్టకుండా అందులో వేరే పదార్థాలు కలుపుతారు, దాంతో లోపలి భాగం మూసుకుపోతుంది. సాల్ట్ పోసే అరలో నీళ్లు పోయాల్సింది మొట్టమొదటిసారి మాత్రమే. నింపేటప్పుడు ఒలికిన ఉప్పు స్టీలును తింటుంది కాబట్టి నింపిన వెంటనే ఒక సైకిల్ వేయాలి. మూత గట్టిగా బిగించకపోతే ఉప్పునీళ్లు బయటికి కారి, అది కూడా గ్లాసుల మీద పొరలా కనిపిస్తుంది.

ఎంత రుద్దినా మసక పోకపోతే గాజే అరిగిపోయిందని అర్థం. మెత్తటి నీళ్లు, ఎక్కువ డిటర్జెంట్, ఎక్కువ వేడి కలిసి చేసే పని ఇది. ఆ గ్లాసుకు ఇక వైద్యం లేదు, మిగతావాటిని కాపాడుకోవడమే. కఠినత్వం సెట్టింగు తగ్గించండి, డిటర్జెంట్ తగ్గించండి, గ్లాసులకు తక్కువ వేడి ప్రోగ్రామ్ వేయండి. ఈ దశలో కఠినత్వం సెట్టింగు పెంచితే ఉన్నవి కూడా పాడవుతాయి.

నీలంగా, ఇంద్రధనుస్సులా చారలు కనిపిస్తే రిన్స్ ఎయిడ్ (గిన్నెలు బాగా ఆరడానికి చివర్లో కలిసే ద్రవం) ఎక్కువవుతోంది, డోసు తగ్గించండి. ఆరకుండా నీటి బొట్లు నిలుస్తుంటే పెంచండి. ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం ఎన్ని చేసినా పూర్తిగా ఆరవు. వాటిలో వేడి నిలవదు.

సైకిల్ అయ్యాక అడుగున నీళ్లు నిలిచాయి

ఫిల్టర్ కింద కొద్దిగా నీళ్లు ఉండటం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. ఫిల్టర్ మునిగేంత ఉంటేనే సమస్య.

నీళ్లు తోడేసి, స్పాంజితో అద్దేసి, ఫిల్టర్ తీశాక వెలుతురు వేసి చూడండి. చాలా మోడళ్లలో పక్కగా ఒక చిన్న మూత, దాని వెనక డ్రెయిన్ పంపు రెక్కలు ఉంటాయి. అక్కడ దొరికేవి గాజు పెంకు, పండు గింజ, సీసా మీది కాగితం లేబుల్, దారం. పెంకులుంటాయి కాబట్టి వట్టి వేళ్లు పెట్టకండి. రెక్కలను పుల్లతో తిప్పితే కాస్త ఆగి ఆగి తిరుగుతాయి. అది అయస్కాంతం వల్ల, పంపు పాడైనట్టు కాదు.

అక్కడేమీ లేకపోతే డ్రెయిన్ పైపు చివరను సింకు నుంచి ఊడదీసి బకెట్‌లో పెట్టి, మెషీన్‌ను నీళ్లు తోసే దశకు పంపండి. ధారగా వస్తే మెషీన్ భేషుగ్గా ఉంది, పూడుకుపోయింది సింకు పైపు. రాకుండా గుంయ్‌మని చప్పుడు మాత్రమే వస్తే పంపు ఇరుక్కుంది, లేదా పైపు మడతపడింది. అసలు చప్పుడే లేకపోతే పంపో, వైరింగో. కొత్తగా బిగించిన మెషీన్ మొదటి రోజే నీళ్లు వదలకపోతే, సింకు కింద పైపు కలిపిన చోట లోపలి బిరడా తీయకుండా బిగించారేమో అడగండి. బయటికి పోయిన మురికినీళ్లు మళ్లీ లోపలికి వస్తుంటే, పైపును గట్టు కిందివరకు పైకి ఎత్తి కట్టి, అక్కడి నుంచి దించాలి.

నీళ్లు రావడం లేదు

కుళాయి, పైపు మడత, తలుపు పూర్తిగా పడిందా, ఇవి చూశాక ఇన్‌లెట్ పైపును విప్పండి. మెషీన్ వైపుగానీ కుళాయి వైపుగానీ చిన్న జాలీ ఉంటుంది, ఇసుక, తుప్పు రజను అందులో చేరుతుంది. ఆ పైపును బకెట్‌లో పెట్టి కుళాయి తిప్పితే ప్రెషర్ కూడా తెలుస్తుంది. ధార సన్నగా ఉంటే తప్పు మెషీన్‌ది కాదు.

కింద నీళ్లు కారుతున్నాయి

తలుపు దగ్గర నురగ కనిపిస్తే ఎవరో చేత్తో అంట్లు తోమే లిక్విడ్ పోసి ఉండొచ్చు. ఆపేసి, నీళ్లు వదిలించి, తుడిచి, డిటర్జెంట్ లేకుండా ఒకటి రెండు సార్లు కడగండి. నురగ లేకపోతే తలుపు రబ్బరు, ముఖ్యంగా కింది మూలలు తుడిచి చూడండి. చీలిన స్ప్రే ఆర్మ్ నీళ్లను సూటిగా తలుపు మీదికి కొట్టినా కారుతుంది.

తలుపు తీసినా డ్రెయిన్ పంపు ఆగకుండా తిరుగుతూ, మెషీన్ ఇంకేమీ చేయకపోతే, అడుగు ట్రేలోకి నీళ్లు చేరి అక్కడి ఫ్లోట్ (నీళ్లు చేరితే తేలే చిన్న భాగం) పైకి లేచిందని అర్థం. మెషీన్‌ను వంచి ఆ నీళ్లు ఒంపేస్తే మళ్లీ పనిచేస్తుంది. కారే చోటు పట్టుకోకపోతే మాత్రం కొన్నాళ్లకు కథ మళ్లీ మొదటికొస్తుంది.

కరెంటు ట్రిప్ అవుతోంది

ఆన్ చేసిన వెంటనే కాకుండా, నీళ్లు వేడెక్కే సమయానికి ట్రిప్ అయితే హీటర్ మీద అనుమానం. మళ్లీ మళ్లీ స్విచ్ వేసి చూడకండి. ఇది మెకానిక్ పని.

వాసన వస్తే ఫిల్టర్, తలుపు రబ్బరు మడతలు శుభ్రం చేసి, ఖాళీ మెషీన్‌లో సిట్రిక్ యాసిడ్ వేసి వేడి సైకిల్ నడపండి. బ్లీచ్ వద్దు, అది స్టీలును పాడుచేస్తుంది. యాసిడ్‌తో కలిస్తే విషవాయువు కూడా వస్తుంది.

బాగుచేయించాలా, కొత్తది కొనాలా

డిష్‌వాషర్ ఆయుష్షు సుమారు పదేళ్లనుకోవచ్చు. నేను చూసేది వయసుకంటే ముందు, చెడింది ఏ భాగమన్నది. డ్రెయిన్ పంపు, ఇన్‌లెట్ వాల్వ్, తలుపు రబ్బరు, స్ప్రింగులు, స్ప్రే ఆర్మ్‌లు అన్నీ అంచుల్లో ఉండే భాగాలు. మెషీన్ పాతదైనా వీటిని మార్పించుకోవడం దాదాపు ఎప్పుడూ లాభమే. ప్రధాన పంపు, దానికే కలిపి ఉన్న హీటర్, కంట్రోల్ బోర్డు అయితే లెక్క వేసుకోవాలి. ఏడెనిమిదేళ్లు దాటిన మెషీన్‌కు రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే నేనైతే ఒప్పుకోను. లోపలి తొట్టికి తుప్పు పట్టి కన్నం పడితే వయసుతో పనిలేదు, అది అయిపోయినట్టే. రాక్ తీగలకు పట్టిన తుప్పుకు మాత్రం పూత దొరుకుతుంది, దాని కోసం మెషీన్ మార్చకండి.

యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి అమలైన నియమాల ప్రకారం తలుపు సీళ్లు, స్ప్రే ఆర్మ్‌లు, ఫిల్టర్లు, రాక్‌ల వంటివి వినియోగదారులకు కూడా కనీసం 10 ఏళ్లు దొరకాలి. మోటార్లు, పంపులు, హీటర్లు రిపేరు చేసేవాళ్లకు కనీసం 7 ఏళ్లు. చట్టం కూడా గీత ఎక్కడ గీసిందో చూడండి, ఇంట్లో మనం మార్చుకోదగ్గవి ఏవో ఆ జాబితా చెబుతోంది.

మెకానిక్ బోర్డు పోయిందంటే, ఏం పరీక్షించి ఆ మాట అంటున్నారని మర్యాదగానే అడగండి. తెర మీద కనిపించే ఎర్రర్ కోడ్ లక్షణాన్ని చెబుతుంది, చెడిన భాగాన్ని కాదు. నీళ్లు పోవడం లేదన్న కోడ్ పంపు చెడినా వస్తుంది, పైపు మడతపడినా వస్తుంది. మార్చిన భాగానికి ఎన్నాళ్లు గ్యారంటీ ఇస్తారో కూడా బిల్లు మీద రాయించుకోండి.

కొత్తది కొనాలనే తేల్చుకుంటే, పాతదాన్ని పంపించేముందు కుళాయి ధార, సింకు పైపు ఒకసారి చూడండి. అవి బాగాలేకపోతే కొత్త మెషీన్ అడుగునా నీళ్లు నిలుస్తాయి.