మన ఎండలకూ మన వానలకూ హ్యూమిడర్: సిగార్ల నిల్వ కొత్తగా మొదలుపెట్టేవారికి

సిగార్ అంతా ఆకే. పులియబెట్టి, ఆరబెట్టి, చేత్తో చుట్టిన ఆకు. చుట్టాక కూడా అది చుట్టూ ఉన్న గాలిలోంచి తేమ పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ 50 శాతం దాకా పడిపోయి కొన్నాళ్లు అలాగే ఉంటే పై ఆకు పెళుసెక్కి చిట్లుతుంది, లోపలి నూనెలు ఎగిరిపోతాయి. ఆ తర్వాత తేమ ఎక్కించినా మెత్తదనం వస్తుంది తప్ప పోయిన వాసన రాదు. తేమ 75 దాటితే సిగార్ ఉబ్బుతుంది, పొగ లాగడం కష్టమవుతుంది, మాటిమాటికీ ఆరిపోతుంది, చివరికి బూజు పడుతుంది. ఈ రెండు అంచులకూ మధ్య నిలకడగా ఉంచడమే హ్యూమిడర్ అనే సిగార్ పెట్టె పని.

ఏ గైడు తెరిచినా 70 శాతం తేమ, 21 డిగ్రీల వేడి అని రాసి ఉంటుంది. అది చల్లని దేశాల ఇళ్ల లెక్క. అక్కడ చలికాలంలో గదుల్లో హీటర్లు వేసుకుంటారు కాబట్టి గాలి పొడిబారుతుంది, వాళ్ల దిగులంతా తేమ నిలపడం గురించే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారికి ఆ లెక్క సరిపోతుంది. విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్నవారికి అసలు శత్రువు వేడి. 21 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 18 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకుంటుంది, 32 డిగ్రీల దగ్గర దాదాపు 34 గ్రాములు. తేమ కొలిచే మీటరు మీద రెండుచోట్లా 70 శాతమే కనిపించినా, వేడి గదిలోని పెట్టెలో ఆవిరి రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. ఆ వేడిలో ఆ తేమ బూజుకూ పురుగుకూ బాగా అనుకూలం. అందుకే గది వేడి తరచూ 25 దాటే ఇంట్లో 70 జోలికి పోకండి. 62 నుంచి 66 శాతం మధ్య పెట్టుకోండి. సిగార్ చక్కగా కాలుతుంది, బూజు భయం చాలావరకు తగ్గుతుంది.

ఏ పెట్టె కొనాలి

మొదటిసారి మొదలుపెట్టేవారికి మా సలహా సూటిగా చెబుతాం: అందమైన చెక్కపెట్టె కన్నా, మూతకు రబ్బరు రింగూ నాలుగు వైపులా క్లిప్పులూ ఉన్న ప్లాస్టిక్ డబ్బా మేలు. వంటింటి సామాన్ల కొట్లో దొరికే ఐదారు లీటర్ల డబ్బా చాలు. వాసన లేని కొత్తది తీసుకుని, సబ్బుతో కడిగి, రెండు రోజులు మూత తీసి ఆరబెట్టాలి. లోపల స్పానిష్ సెడార్ పలకలు రెండు మూడు పరిస్తే చెక్క వాసనా వస్తుంది, కాస్త తేమను పట్టి ఉంచుతుంది కూడా. బయటి గాలి చొరబడదు కాబట్టి విశాఖ వానాకాలమైనా, రామగుండం మే నెలైనా లోపలి తేమ పెద్దగా కదలదు.

చెక్కపెట్టే కావాలనుకుంటే లోపలి గోడలు స్పానిష్ సెడార్‌వో కాదో ముందు చూడండి. పేరులో సెడార్ ఉన్నా ఇది దేవదారు కాదు. మధ్య, దక్షిణ అమెరికాల్లో పెరిగే సెడ్రెలా ఒడొరాటా అనే చెట్టు, మన వేప, మహాగని ఉన్న కుటుంబానిదే. తేమ పీల్చినా తొందరగా వంకర పోదు, దాని వాసన పొగాకుకు నప్పుతుంది. ఊళ్లో వడ్రంగితో టేకు పెట్టె చేయించుకునేవారున్నారు. బయటికి టేకు ఎంతైనా వాడుకోండి, లోపల మాత్రం వద్దు, టేకు నూనె వాసన సిగార్‌కు పట్టేస్తుంది. గంధపు చెక్క, కర్పూరపు చెక్క, జిగురు వాసన వదలని ప్లైవుడ్ కూడా అంతే.

మూత బిగువు చూడటానికి రెండు పద్ధతులున్నాయి. ఫోన్ టార్చ్ వెలిగించి లోపల పెట్టి, మూత మూసి, గది చీకటి చేయండి. అంచుల్లో వెలుగు కనిపిస్తే ఆ సందులోంచి తేమ పోతుంది. లేదా మూత కింద నోటు ఒకటి పెట్టి లాగండి, పట్టి పట్టి రావాలి. సులువుగా జారి వచ్చేస్తే ఆ పెట్టె వద్దు.

పెట్టె మీద 50 సిగార్లు అని రాసి ఉంటే నమ్మకండి. ఆ సంఖ్య సన్నని సిగార్లను కిక్కిరిసి సర్దిన లెక్క. రొబుస్టో అనే సైజు సిగార్ అంటే సుమారు ఐదు అంగుళాల పొడవు, 50 రింగు, అంటే దాదాపు 20 మిల్లీమీటర్ల లావు. 50 అని రాసిన పెట్టెలో అలాంటివి 30, 35 పడితే గొప్ప. అయినా పెట్టెను ముప్పావు వంతుకు మించి నింపకూడదు, గాలి తిరగాలి.

మీటరును ముందు పరీక్షించండి

పెట్టె మూతకు బిగించి ఇచ్చే ముల్లు హైగ్రోమీటర్ (తేమ మీటరు) అలంకారానికే. చిన్న డిజిటల్‌ది విడిగా కొనండి. కొన్నది కూడా నాలుగైదు శాతం తేడా చూపించడం మామూలే, కాబట్టి ఉప్పు పరీక్ష తప్పనిసరి.

సీసా మూత ఒకదాంట్లో ఉప్పు నింపి, కొన్ని చుక్కల నీళ్లు పోయండి. ఉప్పు తడిసిన ఇసుకలా ఉండాలి, నీళ్లు పైకి తేలకూడదు. ఉప్పు పూర్తిగా కరిగిపోతే పరీక్ష చెడినట్టే. ఆ మూతనూ మీటరునూ పక్కపక్కనే, ఒకదానికొకటి తగలకుండా జిప్ కవర్‌లో పెట్టి, కాస్త గాలి ఉంచి మూసేయండి. ఏసీ గాలి తగలని చోట 24 గంటలు వదిలేయండి. కవర్ తెరవకుండానే అంకె చదవాలి, అది 75 రావాలి. 71 వస్తే మీ మీటరు 4 తక్కువ చూపుతోందన్నమాట. ఆ తేడా చీటీ మీద రాసి మీటరు వెనక అంటించండి. ఆరు నెలలకోసారి మళ్లీ చూసుకోండి.

చెక్కకు ముందు నీళ్లు పట్టాలి

ప్లాస్టిక్ డబ్బా అయితే ఈ భాగం మీకు అక్కర్లేదు. కొత్త చెక్కపెట్టెలో మాత్రం తిన్నగా సిగార్లు పెడితే, ఎండిన చెక్క వాటి తేమనే లాగేస్తుంది. కొత్తగా కొన్నవారు నాలుగు రోజుల్లో సిగార్లు గలగలలాడుతున్నాయని వాపోయేది ఇందుకే.

పెట్టెలో తేమను 84 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లు ఇందుకోసమే వస్తాయి. ప్రతి 25 సిగార్ల కొలతకు ఒక 60 గ్రాముల ప్యాకెట్ చొప్పున ఖాళీ పెట్టెలో వేసి, మూత మూసి, 14 రోజులు తెరవకుండా ఉంచండి. అవి దొరక్కపోతే చిన్న గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి, అడుగున కవర్ పరిచి, దాని మీద గిన్నె పెట్టండి. ఇలా ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. గిన్నె తీసేసి, ఒక రోజు ఆగి చూస్తే మీటరు 65, 70 మధ్య నిలబడాలి. తడిగుడ్డతో చెక్కను తుడిచేయమని కొందరు చెబుతారు. అలా చేయకండి, చెక్క పోగులు లేచి పలకలు వంకర పోతాయి, మూత బిగువు పోతుంది.

నీళ్లు డిస్టిల్డ్‌వే కావాలి. కుళాయి నీళ్లలోనూ మినరల్ వాటర్‌లోనూ ఉండే లవణాలు తేమ ఇచ్చే స్పాంజిలో పేరుకుంటాయి. బ్యాటరీ కొట్లో కొనేటట్టయితే లేబుల్ చదివి తీసుకోండి, అక్కడే యాసిడ్ సీసాలు కూడా ఉంటాయి.

తేమ ఇచ్చేది ఏది

పెట్టెతో పాటు వచ్చే స్పాంజి తేమను వదలడమే కానీ ఎక్కువైన తేమను నమ్మకంగా తిరిగి తీసుకోలేదు. మన దగ్గర జూలై నుంచి అక్టోబరు దాకా సమస్య ఎక్కువైన తేమే. అందుకే ఇచ్చి పుచ్చుకునే ప్యాకెట్లు వాడండి. బొవేడా లాంటి వాటిలో ఉప్పు ద్రావణం ఉంటుంది, గాలి పొడిగా ఉంటే ఆవిరి వదులుతుంది, తడిగా ఉంటే పీలుస్తుంది. 25 సిగార్ల కొలతకు ఒక 60 గ్రాముల ప్యాకెట్. లెక్క పెట్టె కొలతను బట్టే వేయాలి, లోపల ఉన్న సిగార్లను బట్టి కాదు. సగం ఖాళీగా ఉన్న పెట్టెకే తేమ ఎక్కువ కావాలి.

ప్లాస్టిక్ డబ్బాకు 65 శాతానివి. చెక్కపెట్టెకు హైదరాబాదు ఎండాకాలంలో 69వి వేయండి, మూత సందుల్లోంచి పోయేది పోగా లోపల 65 దగ్గర ఆగుతుంది. వానలు మొదలయ్యాక అవి తీసి 65వి పెట్టండి. ప్యాకెట్ మెత్తగా ఉన్నంతకాలం పనిచేస్తున్నట్టే. లోపలి పదార్థం గట్టిపడి అప్పడంలా అయితే మార్చాలి. చెక్కపెట్టెలో రెండు నుంచి నాలుగు నెలలు వస్తుంది, ప్లాస్టిక్‌లో ఇంకా ఎక్కువ. ప్యాకెట్ ఉబ్బిపోతుంటే బయటి తేమ లోపలికి వస్తోందని అర్థం, మూత చూసుకోండి.

మీటరు రెండు మూడు శాతం అటూ ఇటూ కదిలితే ఏమీ చేయకండి. మూత తెరిచినప్పుడల్లా అంకె మారుతుంది, సిగార్ లోపలి తేమ అంత త్వరగా మారదు. రోజూ తెరిచి సర్దుబాట్లు చేసేవారి పెట్టెలే ఎక్కువ పాడవుతాయి. పది రోజులకోసారి రెండు నిమిషాలు తెరిస్తే గాలి మారుతుంది. నెలకోసారి కిందివి పైకి, పైవి కిందికి మార్చండి.

ఎక్కడ పెట్టాలి

ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే లోపలి గది, పడమటి గోడకు దూరంగా, కింది అర. నేలకు దగ్గరగా చల్లగా ఉంటుంది, అటక మీద మే నెలలో సెగే. ఫ్రిజ్ మీద, టీవీ పక్కన, కిటికీ కింద వద్దు. బీరువాలో పెట్టేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: బట్టల మధ్య కలరా ఉండలుంటే ఆ వాసన సిగార్లకు పట్టి ఇక వదలదు. అగరొత్తులు వెలిగించే గది, పోపు ఘాటు వచ్చే చోటు కూడా పనికిరావు. పిల్లలకు అందనిచోట తాళం వేసి ఉంచండి, నికోటిన్ చిన్నపిల్లలకు నిజంగానే విషం.

ఫ్రిజ్‌లో నిల్వ చేస్తే చల్లగా ఉంటుంది కదా అని అడుగుతారు. ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది, నిన్నటి కూర వాసనా ఉంటుంది. వేసవిలో గది 35 దాటే ఇంట్లో సిగార్లు వందల్లో ఉంటే వైన్ కూలర్ 18 డిగ్రీలకు పెట్టి, లోపల ప్యాకెట్లు వేసుకోవడం సరైన దారి. కంప్రెసర్ లేని రకం గది వేడి కన్నా పది పదిహేను డిగ్రీలకు మించి తగ్గించలేదు. కంప్రెసర్ రకం చల్లబరుస్తూ తేమను లాగేస్తుంది, అందులో సిగార్లను మూత ఉన్న డబ్బాల్లోనే ఉంచాలి.

పురుగు

మన దగ్గర సిగార్లు ఎక్కువగా పోయేది దీనివల్లే. పొలంలో పొగాకును తినే లద్దె పురుగు వేరు. ఇది నిల్వ సరుకును తినే పెంకు పురుగు, లాసియోడెర్మా సెర్రికోర్నే. రెండు మూడు మిల్లీమీటర్లు, ఎర్రటి గోధుమ రంగు. పసుపు కొమ్ముల్లో, ధనియాల్లో, ఎండుమిర్చిలో కనిపించేది కూడా ఇదే. కాబట్టి మసాలా సామాను ఉండే స్టోర్‌రూమ్‌లో హ్యూమిడర్ పెట్టడమంటే దానికి దారి చూపడమే. గుడ్లు ఆకులోనే కంటికి కనబడకుండా ఉండవచ్చు. చల్లగా ఉన్నంతకాలం కదలవు. వేడి 24 డిగ్రీలు దాటిందంటే పొదిగే అవకాశం పెరుగుతుంది, 30 డిగ్రీలూ 70 శాతం తేమా దానికి బాగా సరిపోయే వాతావరణం.

పై ఆకు మీద గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి కన్నం, పెట్టె అడుగున సన్నని పొడి కనిపిస్తే పురుగు పడినట్టే. కన్నం పడినవి తీసి పారేయండి. మిగతావన్నీ, బాగున్నట్టు కనిపించేవాటితో సహా, ఫ్రీజ్ చేయాలి. కొత్తగా తెచ్చినవాటికి ముందే ఇలా చేసుకుంటే ఇంకా మంచిది.

1. సిగార్లను జిప్ కవర్‌లో పెట్టి గాలి పిండేసి, దాన్ని మరో కవర్‌లో పెట్టండి. తేమ ప్యాకెట్లు బయటే ఉంచండి.
2. ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు.
3. ఫ్రీజర్‌లో మైనస్ 18 లేదా అంతకన్నా తక్కువలో నాలుగు రోజులు. ఒకే తలుపు ఫ్రిజ్‌లోని ఐసు అర చాలాసార్లు అంత చల్లబడదు, థర్మామీటర్ పెట్టి చూడండి. కరెంటు పోతూ ఉంటే వారం ఉంచండి.
4. మళ్లీ ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు. ఈ మెట్టు తప్పిస్తే ఆకు చిట్లుతుంది.
5. బయటపెట్టి, గది వేడికి పూర్తిగా వచ్చాకే కవర్ తెరవండి. చల్లగా ఉన్నప్పుడు తెరిస్తే సిగార్ మీద చెమ్మ పడుతుంది.

పెట్టెను పూర్తిగా ఖాళీ చేసి, మూలల్లో పొడి లేకుండా వ్యాక్యూమ్‌తో లాగి, రెండు రోజులు ఎండ తగలని చోట ఆరనివ్వండి.

బూజు

సిగార్ మీద తెల్లటి పొర కనిపిస్తే అది నూనె పూత అనీ, బాగా మాగిందనీ కొందరు సంతోషిస్తారు. దూదిలా లేచి ఉన్నా, మచ్చలుగా ఉన్నా, ఆకుపచ్చ, నీలం ఛాయ కనిపించినా అది బూజే. పై ఆకు మీద కొద్దిగా ఉంటే మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఆ సిగార్‌ను వేరే డబ్బాలో 62 దగ్గర కొన్ని వారాలు ఉంచి చూడవచ్చు. వెలిగించే కొసలో బూజు ఉంటే లోపల కూడా ఉన్నట్టే, పారేయండి. చెక్కకు పట్టినదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి.

ఎండిన సిగార్లు చేతికొస్తే ఒక్కసారిగా తేమలో పడేయకండి. పై ఆకు ముందు ఉబ్బి, లోపలిది వెనకబడి చిట్లుతుంది. 62 దగ్గర రెండు వారాలు, ఆ తర్వాత 65కు మార్చండి. పార్సిల్‌లో వచ్చినవాటిని కూడా రెండు నుంచి నాలుగు వారాలు పెట్టెలో స్థిమితపడనివ్వండి. సెలఫేన్ కవర్ తీయక్కర్లేదు, ఆవిరి దానిలోంచి వెళ్తుంది, ఒకదాని వాసన ఒకదానికి అంతగా అంటదు. వెనిలా లాంటి సువాసనలు కలిపినవాటిని మాత్రం వేరే డబ్బాలో పెట్టాలి. గోదావరి లంకల పొగాకుతో చేసిన చుట్టలు కూడా వేరుగానే. వాటి ఘాటు కొన్ని రోజుల్లోనే పక్కవాటికి ఎక్కేస్తుంది, పైగా వాటికి ఇంత తేమ అవసరం లేదు, మూత బిగువుగా ఉన్న మామూలు రేకు డబ్బా చాలు.

నెల రోజులు ఊరెళ్తుంటే చెక్కపెట్టెలో కొత్త ప్యాకెట్లు వేసి, పెట్టె మొత్తాన్ని పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసి వెళ్లండి. ఏసీ ఆగిన ఇంట్లో మే నెల గడపాల్సి వస్తే సిగార్లను చల్లని గది ఉన్న స్నేహితుడి ఇంట్లో ఉంచడం నయం.