మొదటి పే స్లిప్ నుంచి 58 ఏళ్ల దాకా: పీఎఫ్‌ను కాపాడుకోవడం ఎలా

గత నెల మా అన్నయ్య కూతురు గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరే ముందు ఒక ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో రెండు గడులు ఉన్నాయి. పీఎఫ్ పూర్తి బేసిక్ మీద 12 శాతం కట్ చేయాలా, లేక నెలకు 1,800 రూపాయలు చాలా? "అత్తా, 1,800 పెడితే చేతికి నెలకు నాలుగు వేలు ఎక్కువ వస్తాయట. మా బ్యాచ్‌లో అందరూ అదే టిక్ పెట్టారు" అంది. పెన్ను మూత తీసి సిద్ధంగా కూడా ఉంది.

నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో జీతాల విభాగంలో పని చేస్తున్నాను. వచ్చే ఏడాది 58 నిండుతాయి. ఇన్నేళ్లలో కొన్ని వందల మంది పీఎఫ్ కాగితాలు నా చేతుల మీదుగా వెళ్లాయి. రిటైర్ అయ్యే రోజు నిశ్చింతగా కనిపించిన వాళ్లలో అందరూ పెద్ద జీతాల వాళ్లు కాదు. ఎక్కువ మంది పీఎఫ్‌ను మధ్యలో తెంచుకోని వాళ్లే. అందుకే ఆ సాయంత్రం మేనకోడలికి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ నాలుగు వేల సంగతి. ఆమె బేసిక్ 32,000. పన్నెండు శాతం అంటే 3,840 ఆమె వాటా, అంతే మొత్తం కంపెనీ వాటా. రెండూ కలిపి నెలకు 7,680. అదే 1,800 గడి ఎంచుకుంటే రెండు వైపులా కలిపి 3,600 మాత్రమే జమ అవుతుంది, మిగిలిన 4,080 జీతంలో కలిసి చేతికి వస్తుంది. ఇప్పుడు ఆమెకు 24 ఏళ్లు. జీతం ఒక్క రూపాయి కూడా పెరగదని, వడ్డీ 8 శాతమే అని అనుకుని 34 ఏళ్లకు లెక్క వేశాను. 3,600 చొప్పున వేస్తే సుమారు 71 లక్షలు, 7,680 చొప్పున వేస్తే ఒకటిన్నర కోటి. తేడా 80 లక్షలు. "చేతికొచ్చే నాలుగు వేలను నువ్వే నెల నెలా వేరేగా దాస్తావా?" అని అడిగాను. నిజాయితీగా "కష్టమే అత్తా" అంది. ఎవరికైనా కష్టమే. జీతం ఖాతాలో పడక ముందే పక్కకు వెళ్లే డబ్బు మిగిలినట్టు, పడ్డాక దాచాలనుకున్న డబ్బు మిగలదు. ఆమె 12 శాతం గడిలో టిక్ పెట్టింది.

అయితే ఒకటిన్నర కోటి అనగానే సంబరపడిపోకూడదు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతూ పోతే, 34 ఏళ్ల తర్వాతి ఒకటిన్నర కోటి ఇవాళ్టి 21 లక్షలతో సమానం. అంటే బేసిక్ పెరిగే కొద్దీ పీఎఫ్ పెరగాలి, దానికి తోడు ఇంకొంత కూడా కావాలి. ఆ విషయానికి తర్వాత వస్తాను.

మీ పే స్లిప్‌లో పీఎఫ్ అని కనిపించేది నిజానికి మూడు పథకాలు. ఒకటి 1952 చట్టంతో మొదలైన భవిష్య నిధి, అంటే ఈపీఎఫ్. దీనికి వడ్డీ ఏటా ప్రకటిస్తారు. 2023-24కు, 2024-25కు కూడా 8.25 శాతం ఇచ్చారు. రెండోది 1995 నవంబర్‌లో మొదలైన పెన్షన్ పథకం, ఈపీఎస్. కంపెనీ వాటాలోంచి 8.33 శాతం దీనికి వెళ్తుంది, కానీ 15,000 జీతం వరకే లెక్క కాబట్టి నెలకు 1,250 దాటదు. మూడోది ఈడీఎల్ఐ, ఉద్యోగంలో ఉండగా మరణిస్తే కుటుంబానికి గరిష్టంగా 7 లక్షల వరకు వచ్చే బీమా. దీనికి ఉద్యోగి ఒక్క పైసా కట్టక్కర్లేదు. ఈ బీమా ఉందన్న సంగతే తెలియక చాలా కుటుంబాలు అడగవు. ఇంట్లో వాళ్లకు ఇవాళే చెప్పి ఉంచండి.

కొత్తగా చేరే పిల్లలు గమనించాల్సింది ఒకటుంది. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, అప్పటికే బేసిక్, డీఏ కలిపి 15,000 దాటిన వాళ్లకు ఈపీఎస్ ఉండదు. కంపెనీ వాటా మొత్తం ఈపీఎఫ్‌లోకే వెళ్తుంది. నా మేనకోడలి పాస్‌బుక్‌లో పెన్షన్ గడిలో సున్నా ఉండాలి. అక్కడ 1,250 పడుతూ ఉంటే అది పొరపాటు. మొదటి నెలలోనే హెచ్‌ఆర్‌కు చెప్పండి. పదేళ్ల తర్వాత బయటపడితే సరిచేయడం చాలా పెద్ద పని. ఈ సున్నాకు ఇంకో అర్థం కూడా ఉంది. ఆమెకు 58 తర్వాత నెల నెలా పెన్షన్ ఈ దారిలో రాదు, తానే ఏర్పాటు చేసుకోవాలి.

ఇక నా కథ. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో దీనితో అర్థమవుతుంది.

నా మొదటి కంపెనీ 2003లో మూతపడింది. ఏడేళ్ల ఎనిమిది నెలల సర్వీసు. "కంపెనీయే పోయింది, పీఎఫ్ కూడా పోతుంది, తొందరగా తీసుకో" అని తోటి వాళ్లు అన్నారు. నేను నమ్మాను. పీఎఫ్ డబ్బు కంపెనీ దగ్గర ఉండదని, కంపెనీ మూతపడినా అప్పటిదాకా జమ అయిన డబ్బుకు ఏమీ కాదని నాకు అప్పుడు చెప్పిన వాళ్లు లేరు. కాగితాలు నింపిపెట్టే ఒకాయన ఫారం 19తో పాటు ఫారం 10సీ కూడా ముందుంచితే రెండింటి మీదా సంతకం పెట్టాను. మొదటిది పీఎఫ్ మొత్తం తీసుకోవడానికి, రెండోది పెన్షన్ డబ్బు తీసుకోవడానికి. పీఎఫ్ 62,000 వచ్చింది. కొంత ఇంటి అడ్వాన్సుకు, కొంత బాకీ పడ్డ చిట్టీకి, మిగిలింది ఖర్చులకు. ఆరు నెలల్లో అయిపోయింది.

అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈపీఎఫ్ వడ్డీ ఏ ఏడాదీ 8 శాతం కిందికి పోలేదు. సగటున 8.5 అనుకుంటే ఆ 62,000 ఇరవై రెండేళ్లలో 3 లక్షల 70 వేలు దాటేది. దానికంటే ఎక్కువ బాధ పెట్టేది ఆ 10సీ సంతకం. దాన్ని డబ్బుగా తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటే ఆ సర్వీసు ఇప్పటి ఉద్యోగ సర్వీసులో కలిసేది. పెన్షన్ సూత్రం చిన్నదే: పెన్షన్ లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. 2014 సెప్టెంబర్‌కు ముందు సర్వీసుకు 6,500, తర్వాతి సర్వీసుకు 15,000 పరిమితి. నేను పోగొట్టుకున్న ఆ దాదాపు ఎనిమిదేళ్లకు 6,500 చొప్పున లెక్కేస్తే నెలకు 740 రూపాయలు. చిన్న మొత్తంలాగే కనిపిస్తుంది. కానీ అది బతికున్నన్నాళ్లూ ప్రతి నెలా వచ్చేది.

కాబట్టి ఉద్యోగం మారినప్పుడు చేయాల్సింది బదిలీ, విత్‌డ్రా కాదు. పీఎఫ్ సభ్యులకు ఇచ్చే పన్నెండు అంకెల యూఏఎన్ నంబర్ జీవితాంతం ఒక్కటే. కొత్త కంపెనీలో చేరేటప్పుడు పాత యూఏఎన్ ఇవ్వండి, కొత్తది పుట్టనివ్వకండి. పాత కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్‌ను నడిపే సంస్థ ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో బదిలీకి పెట్టండి. ఆధార్, వివరాలు సరిగా ఉన్న ఖాతాలకు 2025 జనవరి నుంచి చాలా సందర్భాల్లో కంపెనీ ఆమోదం కూడా అడగడం లేదు. సొంత పీఎఫ్ ట్రస్టు నడిపే పెద్ద కంపెనీల నుంచి వస్తుంటే మాత్రం మీ పాత పీఎఫ్, సర్వీసు వివరాలు చూపే అనెక్సర్ కె అనే కాగితం కావాలి, మానేసే రోజే అడిగి ఉంచండి. బదిలీ పూర్తయ్యాక డబ్బు వచ్చిందా అని చూసి ఊరుకోకండి. సర్వీస్ హిస్టరీలో పాత సంవత్సరాలు కనిపిస్తున్నాయో లేదో కూడా చూడండి. ఇంకో మాట: అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీసిన పీఎఫ్ మీద పన్ను పడుతుంది. బదిలీ చేస్తే పాత సర్వీసు కూడా ఆ అయిదేళ్లలో కలుస్తుంది.

మన తెలుగు వాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో అది చివరికి పోతుంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఇంటిపేరే మారిపోతుంది. నా దగ్గరికి తిరిగొచ్చిన క్లెయిములలో సగానికి పైగా ఈ కారణంతోనే తిరిగొచ్చాయి. పీఎఫ్ ఖాతాలో, ఆధార్‌లో, పాన్‌లో పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి. 2017 అక్టోబర్ 1 తర్వాత ఆధార్‌తో ఇచ్చిన యూఏఎన్ అయితే పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు లాంటివి మీరే ఆన్‌లైన్‌లో సరిచేసుకోవచ్చు. అంతకు ముందుదైతే కంపెనీ ద్వారా జాయింట్ డిక్లరేషన్, అంటే మీరూ కంపెనీ కలిసి ఇచ్చే దరఖాస్తు పెట్టాలి. ఉద్యోగంలో ఉండగానే చేయండి. మానేసిన పదేళ్లకు పాత కంపెనీ చుట్టూ తిరగడం ఎంత టెన్షనో చూసిన దాన్ని కాబట్టి చెబుతున్నాను. నామినీ కూడా ఆన్‌లైన్‌లోనే. పెళ్లయ్యాక మళ్లీ కొత్తగా వేయాలి.

మూడు నెలలకోసారి పాస్‌బుక్ చూడండి. కంపెనీ ప్రతి నెలా పీఎఫ్ డబ్బును తర్వాతి నెల 15లోపు కట్టాలి. మా కాలనీ అబ్బాయి ఒకడు పని చేసిన చిన్న కంపెనీ ఏడు నెలలు జీతంలో కోత కోసి, డబ్బు కట్టనే లేదు. పే స్లిప్‌లో కోత కనిపించింది కాబట్టి వాడికి అనుమానం రాలేదు. అలా కట్టకపోవడం నేరం. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు జత చేసి ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాడు, డబ్బు జమ అయింది. పోర్టల్ తెరవడం రాని వాళ్లు రిజిస్టర్ అయిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. నేరుగా మాట్లాడాలంటే బర్కత్‌పురాలో భవిష్య నిధి భవన్ ఉంది. ప్రతి నెల 27న జిల్లాల్లో నిధి ఆప్‌కే నికట్ పేరుతో శిబిరాలు కూడా పెడతారు.

ఇక పెంచుకోవడం. మొదటి దారి వీపీఎఫ్, అంటే 12 శాతం పైన మీ ఇష్టంతో కట్టేది. బేసిక్, డీఏ మొత్తం వరకు కట్టొచ్చు, వడ్డీ అదే. నేను 2012లో నెలకు 1,000తో మొదలుపెట్టాను. ఆ తర్వాత ఏ ఇంక్రిమెంటు వచ్చినా పెరిగిన దాంట్లో సగం వీపీఎఫ్‌కు రాసిచ్చాను. పెరిగిన జీతం చేతికి అలవాటు కాకముందే చేయాలి, అలవాటయ్యాక మనసొప్పదు. ఇవాళ నా ఖాతాలో దాదాపు మూడో వంతు ఆ డబ్బే. ఒక్క హద్దు గుర్తుంచుకోండి. మీ వాటా, వీపీఎఫ్ కలిపి ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే, దాటిన మొత్తం మీద వచ్చే వడ్డీకి పన్ను ఉంటుంది.

రెండో దారి కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్, అంటే జాతీయ పెన్షన్ పథకం. అన్ని కంపెనీల్లో ఉండదు, హెచ్‌ఆర్‌ను అడగాలి. కొత్త పన్ను విధానంలో మీరు కట్టే పీఎఫ్ వాటాకు మినహాయింపు లేదు కానీ, మీ తరఫున కంపెనీ ఎన్‌పీఎస్‌లో వేసే డబ్బుకు బేసిక్‌లో 14 శాతం వరకు ఉంది. ఇది మీ సీటీసీ, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చులోంచే తీస్తారు, కాబట్టి చేతికి వచ్చేది తగ్గుతుంది, అది తెలిసే ఒప్పుకోండి. ఇందులో కొంత వాటా షేర్లలోకి వెళ్తుంది, ఎంత అనేది మీరే ఎంచుకోవచ్చు. కొన్నేళ్లు పడిపోతుంది కూడా. ముప్పై ఏళ్ల వ్యవధి ఉన్న వాళ్లు ఆ ఒడిదుడుకులు తట్టుకోగలరు, ధరల పెరుగుదలను దాటే అవకాశమూ ఉంటుంది. చివర్లో కొంత భాగంతో సాధారణంగా పెన్షన్ ప్లాన్ కొనాల్సి ఉంటుంది. ఈపీఎస్ లేని మా మేనకోడలి లాంటి వాళ్లకు అది మేలే అంటాను. నా వయసు వాళ్లకైతే పీఎఫ్, వీపీఎఫ్ చాలు.

మరి అవసరం వస్తే? 2017లో మా నాన్నకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఫారం 31తో అడ్వాన్సు తీసుకున్నాను. అందులో తప్పు లేదు, అందుకే ఆ వీలు పెట్టారు. కానీ షాద్‌నగర్ దగ్గర వెంచర్‌లో ప్లాటుకు బుకింగ్ కట్టాలని, కారు డౌన్ పేమెంటు అని వచ్చి ఫారం అడిగే వాళ్లను మాత్రం నేను కూర్చోబెట్టి మాట్లాడతాను. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో వేరుగా ఉంటే, ఆరోగ్య బీమా ఉంటే, పీఎఫ్ ఫారం వైపు చూడాల్సిన రోజులు చాలా తగ్గుతాయి.

మేనకోడలికి చివరగా అప్పజెప్పిన పని ఒకటుంది. చాలా కంపెనీల్లో వీపీఎఫ్ మార్చుకునే వీలు ఆర్థిక సంవత్సరం మొదట్లోనే ఉంటుంది. ఏప్రిల్ జీతంలో మొదలవ్వాలంటే మార్చి రెండో వారానికే హెచ్‌ఆర్‌కు మెయిల్ వెళ్లాలి. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంది. మొదట 1,000 రూపాయలు.