ఆటోపైలట్ లోకలైజర్ మీద నిలవడం లేదా? షాప్‌కి పంపే ముందు ఇవి చూడండి

"అన్నా, ఆటోపైలట్ పాడైంది, ఐఎల్‌ఎస్ పట్టుకోవట్లేదు" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒకటే. ఆ టైంలో ఆటోపైలట్ డిస్‌ప్లే మీద ఏం కనబడుతోంది? చాలామంది చెప్పలేరు. నీడిల్ ఎక్కడుందో చెబుతారు, గాలి ఎటు వీస్తోందో చెబుతారు, కంట్రోలర్ ఏమన్నాడో మాట మాట అప్పజెబుతారు. డిస్‌ప్లే మాత్రం చూసి ఉండరు. ఏ మోడ్ నడుస్తోంది, ఏది ఆర్మ్ అయి (సిద్ధంగా ఎదురుచూస్తూ) ఉంది అన్న రెండు మాటలు పైకి చదివితే సగం ఫోన్లు రావు. కొత్తవాళ్ళకి ఒక్క మాట: ఐఎల్‌ఎస్ అంటే రన్‌వే దాకా దారి చూపే రేడియో వ్యవస్థ. అందులో ఎడమ, కుడి చెప్పేది లోకలైజర్, దిగే వాలు చెప్పేది గ్లైడ్‌స్లోప్, మనం వాటికి ఎంత పక్కగా ఉన్నామో చూపేది నీడిల్.

నేను టెక్సాస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి (పరికరాలు చూసి మేఘాల్లో ఎగిరే అర్హతకి) ట్రైనింగ్ ఇస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మన తెలుగు పిల్లలు చాలామందే ఉంటారు. ఇక్కడ రాసేది ముఖ్యంగా పాత సెస్నా 172 గురించి, అంటే రౌండ్ డయల్స్, జీఎన్‌ఎస్ 430డబ్ల్యూ (జీపీఎస్, రేడియో కలిసిన పరికరం), కేఏపీ 140 ఆటోపైలట్ ఉన్నది. జీ1000లో (డిజిటల్ తెరల విమానంలో) ఎగిరేవాళ్ళకీ కొంత పనికొస్తుంది. ప్లేట్ (అప్రోచ్ చార్ట్) చదవడం, అప్రోచ్ లోడ్ చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

లోకలైజర్‌ని కోసుకుంటూ అవతలికి వెళ్ళిపోతోంది

ముందు 430 మీద సీడీఐ బటన్ (నీడిల్‌కి సంకేతం ఎక్కడి నుంచి రావాలో ఎంచేది) పైన చూడండి. అక్కడ జీపీఎస్ అని ఉందా, వీలాక్ (లోకలైజర్ రేడియో) అని ఉందా? జీపీఎస్ అని ఉంటే మీ ఆటోపైలట్‌కి లోకలైజర్ ఉందన్న సంగతే తెలియదు. "అదే మారుతుంది కదా" అంటారు. మారుతుంది, కానీ దానికి షరతులున్నాయి. ఫైనల్ కోర్సుకి అటూ ఇటూ 1.2 నాటికల్ మైళ్ళ లోపల ఉండాలి, ఫైనల్ అప్రోచ్ ఫిక్స్‌కి (ఆఖరి దిగుడు మొదలయ్యే చోటుకి) 2 నుంచి 15 మైళ్ళ మధ్య ఉండాలి. కంట్రోలర్ మిమ్మల్ని దగ్గరగా తిప్పితే ఆ అవకాశం ఉండదు. దాన్ని నమ్ముకోవద్దు, వెక్టర్ల (కంట్రోలర్ ఇచ్చే హెడింగ్‌ల) మీద ఉండగానే చేత్తో మార్చేయండి.

తర్వాత ఫ్రీక్వెన్సీ యాక్టివ్‌లో ఉందా లేక ఇంకా స్టాండ్‌బైలోనే కూర్చుందా చూడండి. ఐడెంట్ (స్టేషన్ మోర్స్ గుర్తు) విన్నారా? ఆ తర్వాత ఏపీఆర్ (అప్రోచ్ బటన్) నొక్కారా, లేక హెడింగ్ మోడ్‌లోనే (పెట్టిన దిక్కుకే వెళ్ళే మోడ్‌లోనే) లాగించేస్తున్నారా? ఇంతే. ఈ మూడూ చూడకుండా నాకు ఫోన్ చేయకండి.

జీఎఫ్‌సీ 700 (జీ1000తో వచ్చే ఆటోపైలట్) ఉన్న విమానంలో అయితే ఏపీఆర్ నొక్కాక చేత్తో సీడీఐ సోర్స్ మార్చకండి. మారిస్తే రోల్ మోడ్‌కి పడిపోతుంది. రెక్కలు సమంగానే ఉంటాయి, విమానం నింపాదిగా తప్పు దారిలో పోతూ ఉంటుంది. ముందు సోర్స్, తర్వాత బటన్.

పట్టుకుంది, కానీ నీడిల్ ఒక పక్కనే ఉండిపోతోంది, లేదా బాగా వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి పక్కకు జారుతోంది

ఈ గైడ్ రాస్తున్నదే దీని కోసం.

ఒక 172తో మాకు కొన్ని నెలలు ఇదే గొడవ. ఒకరోజు అద్దంలా ట్రాక్ చేసేది, మర్నాడు నీడిల్ రెండు చుక్కలు పక్కకు పెట్టుకుని అలాగే దిగేది. రెండుసార్లు ఏవియానిక్స్ షాప్‌కి పంపాం. వాళ్ళు నేల మీద టెస్ట్ చేసి అంతా బాగానే ఉందని పంపించారు. నిజంగానే బాగుంది.

విషయం బయటపడింది ఒక మధ్యాహ్నం, ఆకాశం పూర్తిగా క్లియర్‌గా ఉన్నప్పుడు. నా స్టూడెంట్ హుడ్ (బయట కనబడకుండా చేసే ముసుగు) పెట్టుకుని ఉన్నాడు. అప్పటిదాకా అతను ఎగిరిందంతా జీ1000లోనే. ఇన్‌బౌండ్ కోర్సు దాదాపు 180. లోకలైజర్ పట్టుకుంది, గ్లైడ్‌స్లోప్ పట్టుకుంది, నీడిల్స్ రెండూ మధ్యలో. స్థిరంగా దిగుతున్నాం. అప్పుడతను ప్లేట్ చూసి, మిస్డ్ అప్రోచ్‌లో (దిగకుండా మళ్ళీ పైకి వెళ్ళేటప్పుడు) తిరగాల్సిన 270 హెడింగ్‌కి బగ్ (డయల్ మీది హెడింగ్ గుర్తు) తిప్పి పెట్టుకున్నాడు. జీ1000లో అది మంచి అలవాటు, అలా చేయమని నేనే నేర్పుతాను. నాబ్ మీంచి అతని వేళ్ళు ఇంకా తీయలేదు, కుడి రెక్క మెల్లగా కిందికి వంగింది. నీడిల్ ఎడమకి నడవడం మొదలుపెట్టింది. డిస్‌ప్లే మీద ఏపీఆర్ అలాగే వెలుగుతోంది, జీఎస్ (గ్లైడ్‌స్లోప్) అలాగే వెలుగుతోంది. హెచ్చరిక లేదు, మోత లేదు. "గాలి అన్నా" అన్నాడు. నేల నుంచి దాదాపు 900 అడుగుల ఎత్తులో ఉండగా నేను డిస్‌కనెక్ట్ చేసి విమానం తీసుకున్నాను. నిజం మేఘంలో, పక్కన ఎవరూ లేకుండా అదే జరిగి ఉంటే అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు.

కారణం ఇది. విమానంలో హెచ్‌ఎస్‌ఐ (దిక్కునీ కోర్సు నీడిల్‌నీ ఒకే డయల్‌లో చూపేది) లేకుండా మామూలు డైరెక్షనల్ జైరో, అంటే డీజీ మాత్రమే ఉంటే, మీరు ఏ కోర్సు మీద వెళ్ళాలనుకుంటున్నారో కేఏపీ 140కి చెప్పేది హెడింగ్ బగ్. ఓబీఎస్ (కోర్సు ఎంచే నాబ్) కాదు. లోకలైజర్ నీడిల్‌కి ఓబీఎస్‌తో పనిలేదని మనమంతా చదువుకున్నాం, అది నిజమే. అందుకే కోర్సు సెట్ చేయాలన్న ఆలోచనే పోతుంది. కానీ ఆటోపైలట్ రెండు చూస్తుంది: నీడిల్ ఎంత పక్కకు ఉంది, ముక్కు కోర్సుకి ఎంత తేడాగా ఉంది. ఆ రెండోదాన్ని అది బగ్ నుంచే తీసుకుంటుంది. బగ్ 270 మీద ఉంటే కోర్సు 270 అనే నమ్ముతుంది. బగ్‌ని చివరి వెక్టర్ మీద, 210 దగ్గర వదిలేశారనుకోండి, అటు లాగే బలం, నీడిల్ ఇటు లాగే బలం ఎక్కడో ఒకచోట సరితూగి, విమానం రన్‌వే సెంటర్‌లైన్‌కి పక్కగా సర్దుకుంటుంది. మా రెండు చుక్కల కథ అదే. బగ్ ఎవరు ఎక్కడ వదిలారన్న దాన్ని బట్టి ఒకరోజు బాగుండేది, ఒకరోజు ఉండేది కాదు.

ఇది ఆటోపైలట్ సప్లిమెంట్‌లో (విమానం హ్యాండ్‌బుక్‌కి చేర్చిన భాగంలో) స్పష్టంగా రాసి ఉంది. డీజీ ఉన్న విమానంలో నావ్ (నావిగేషన్ బటన్) గానీ ఏపీఆర్ గానీ నొక్కగానే హెచ్‌డీజీ (హెడింగ్) అన్న అక్షరాలు 5 సెకన్లపాటు మెరుస్తాయి. ఆ మెరుపు బగ్‌ని కోర్సు మీదికి తిప్పమని చెప్పడానికే. అందరం చూస్తాం, ఏదో మోడ్ మారుతోందిలే అనుకుని వదిలేస్తాం.

దీనికే ఇంకో కొస ఉంది. హెడింగ్ మోడ్‌లో ఉండగా ఏపీఆర్ నొక్కితే, ఆటోపైలట్ బగ్ స్థానం నుంచి లెక్కేసుకుని 45 డిగ్రీల ఇంటర్‌సెప్ట్‌కి తనంతట తనే తిరుగుతుంది. కోర్సు 180, కంట్రోలర్ 210 ఇచ్చాడు, మీరు ఏపీఆర్ నొక్కి బగ్‌ని బుద్ధిగా 180కి తిప్పారు. విమానం 225కి పోతుంది. "ఏటీసీ చెప్పిన హెడింగ్ ఇది కాదే" అని టెన్షన్‌తో మళ్ళీ బగ్ తిప్పుతారు, ఇక అక్కడి నుంచి అన్నీ చెడతాయి. బగ్ అసలు తిప్పకపోతే 210నే కోర్సు అనుకుని 255కి పోతుంది.

మరి సరైన వరుస ఏది? వెక్టర్ హెడింగ్ మీద రెక్కలు సమం అయ్యాక హెడింగ్ బటన్ ఇంకోసారి నొక్కండి, రోల్ మోడ్‌కి వస్తుంది. అప్పుడు ఏపీఆర్. అప్పుడు బగ్‌ని ఇన్‌బౌండ్ కోర్సు మీదికి తిప్పండి. విమానం కంట్రోలర్ ఇచ్చిన హెడింగ్ మీదే వెళ్ళి లోకలైజర్‌ని అందుకుంటుంది. రోల్ మోడ్ రెక్కల్ని సమంగా ఉంచుతుంది తప్ప హెడింగ్ కాపాడదు, కాబట్టి ఆ కాసేపు డీజీ మీద ఒక కన్ను వేసి ఉంచండి. పట్టుకున్నాక రన్‌వే కనబడేదాకా, లేదా మిస్డ్ మొదలుపెట్టేదాకా ఆ నాబ్ ముట్టుకోవద్దు. మిస్డ్ హెడింగ్‌ని మోకాలి మీద కాగితంపై రాసుకోండి, బగ్ మీద కాదు.

డీజీనే తప్పు చూపిస్తుంటే బగ్ సరిగ్గా పెట్టినా లాభం లేదు. జైరో జారుతుంది, పాతదైతే ఇంకా జారుతుంది. డీజీ 10 డిగ్రీలు తప్పితే మీరిచ్చిన కోర్సు కూడా 10 డిగ్రీలు తప్పినట్టే. కాబట్టి ఆఖరి వెక్టర్‌కి ముందు, స్ట్రెయిట్‌గా లెవెల్‌గా ఉన్నప్పుడు, కంపాస్‌తో సరిచేసుకోండి. లోకలైజర్ పట్టుకున్నాక కాదు.

మీ విమానం ఏ రకమో తెలియకపోతే ఒక క్లియర్ రోజున 3,000 అడుగుల ఎత్తులో నావ్ మోడ్‌లో ఏదైనా వీఓఆర్ (దారి చూపే రేడియో స్టేషన్) మీద పెట్టి, బగ్‌ని 20 డిగ్రీలు కదపండి. రెక్క వంగితే మీ ఆటోపైలట్ కోర్సు తీసుకునేది బగ్ నుంచే. వంగకపోతే హెచ్‌ఎస్‌ఐ కోర్సు పాయింటర్ నుంచి, అప్పుడు ఆ పాయింటర్‌ని ఇన్‌బౌండ్ కోర్సు మీద పెట్టడం మర్చిపోవద్దు. డీజీ తీసేసి కొత్తగా ఎలక్ట్రానిక్ హెచ్‌ఎస్‌ఐ పెట్టించుకున్నవాళ్ళూ ఈ టెస్ట్ చేయండి. పాత అలవాటు, కొత్త వైరింగ్ కలిసినప్పుడే ఎక్కువ ప్రమాదం.

లోకలైజర్ బాగుంది, గ్లైడ్‌స్లోప్ పట్టుకోవట్లేదు

నావ్ నొక్కి ఉంటారు. నావ్‌లో లోకలైజర్ మీద చక్కగా వెళ్తుంది, గ్లైడ్‌స్లోప్ నీడిల్ మధ్యలోంచి కిందికి జారిపోతుంటే మీరు 2,000 అడుగుల మీదే సాగిపోతుంటారు. ఏపీఆర్ నొక్కాలి. నొక్కినా అది ఇంకా ఆర్మ్‌లోనే ఉంటే, అంటే లోకలైజర్‌ని ఇంకా పట్టుకోకపోతే, గ్లైడ్‌స్లోప్ కలవదు. అందుకే ఫిక్స్‌కి మరీ దగ్గరలో తిప్పుతామంటే ఒప్పుకోకండి, ఇంకో రెండు మైళ్ళు అడగండి. గ్లైడ్‌స్లోప్‌ని కింది నుంచే అందుకోండి. పైనుంచి తరుముకుంటూ వస్తే దొంగ గ్లైడ్‌స్లోప్ దొరికే ప్రమాదం ఉంది. 3 డిగ్రీల స్లోప్ మీద, 90 నాట్ల గ్రౌండ్ స్పీడ్‌తో నిమిషానికి 480 అడుగుల దగ్గర దిగాలి. అంతకు బాగా ఎక్కువ చూపిస్తుంటే ఆపేయండి.

జీపీఎస్ అప్రోచ్ అయితే 430 మీద ఎల్‌పీవీ (దిగే వాలు కూడా ఇచ్చేది) అని ఉందా, ఉత్త ఎల్‌నావ్ (ఎడమ, కుడి మాత్రమే ఇచ్చేది) అనే ఉందా చదవండి. ఉత్త ఎల్‌నావ్‌కి గ్లైడ్‌పాత్ ఉండదు, ఎంతసేపు ఎదురుచూసినా రాదు. 430ని ఓబీఎస్‌లోనో సస్పెండ్‌లోనో (తర్వాతి పాయింట్‌కి తనంతట తను మారని మోడ్‌లలో) వదిలేశారేమో అదీ చూడండి.

ముక్కు పైకీ కిందికీ ఊగుతోంది

యోక్ పట్టుకుని సాయం చేస్తున్నారా? వదిలేయండి. మీరు ముక్కు లాగి పట్టుకుంటే ఆటోపైలట్ మీకు ఎదురుగా ట్రిమ్ (యోక్ మీది బలం సర్దడం) చేసుకుంటూ పోతుంది, డిస్‌కనెక్ట్ చేసిన క్షణాన అంత ట్రిమ్మూ మీ చేతుల్లో పడుతుంది. చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు డిస్‌కనెక్ట్, తర్వాత చెయ్యి. పవర్, ఫ్లాప్స్ మార్పులు గ్లైడ్‌స్లోప్ పట్టుకోకముందే ముగించండి. త్రాటిల్ మాత్రం పూర్తిగా మీదే, ఆ ఆటోపైలట్‌కి స్పీడ్ సంగతి పట్టదు.

మిగతావి

సర్వో క్లచ్ జారడం, స్టాటిక్ లైన్ లీక్, యాంటెన్నా కనెక్షన్. ఉంటాయి, చాలా అరుదు. మంచి వాతావరణంలో నీడిల్ క్షణకాలం వణికితే లోకలైజర్ యాంటెన్నా ముందు నుంచి ఏదో విమానం వెళ్ళి ఉంటుంది. వాతావరణం బాగున్నప్పుడు ఆ ప్రాంతాన్ని ఖాళీగా ఉంచరు.

ఇవన్నీ చూశాక కూడా షాప్‌కి పంపాల్సి వస్తే, "ఆటోపైలట్ పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాసి పంపకండి. డిస్‌ప్లే మీద ఏముంది, సీడీఐ ఎటుంది, బగ్ ఏ అంకె మీద ఉంది, డీజీకి కంపాస్‌కి తేడా ఎంత, నీడిల్ ఎటు ఎన్ని చుక్కలు జరిగింది రాయండి. మా 172కి మొదటిసారే ఇలా రాసి ఉంటే, బగ్ అంకె చూసి ఆ మెకానిక్కే చెప్పేవాడు.